క్లౌడ్ యాక్సెస్ ఫైండింగ్‌లను లైబ్రరీలో టైపులుగా మలచడం: సమగ్ర మార్గదర్శి

జూన్, జులై నెలల్లో చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు పరిశ్రమల ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరతాయి. లోపలికి వెళ్లే ప్రతి లోడుకూ ఒక తూకం చీటీ తయారవుతుంది. అందులో రైతు పేరు, ఊరు, కాయల బరువు, సొమ్ము జమ కావలసిన బ్యాంకు ఖాతా సంఖ్య ఉంటాయి. అటువంటి పరిశ్రమ ఒకటి ఈ చీటీల ప్రతులను అమెజాన్ వెబ్ సర్వీసెస్ వారి హైదరాబాద్ రీజియన్‌లో ఒక ఎస్‌3 బకెట్‌లో (ఫైళ్లు దాచే క్లౌడ్ నిల్వలో) దాచుతోందనీ, లెక్కలు చూసే చెన్నై ఆడిట్ సంస్థకు ఆ బకెట్‌ను చదివే అనుమతి ఇచ్చిందనీ, ఈ వ్యవస్థ బాగోగులను తిరుపతిలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ బృందం చూసుకుంటోందనీ అనుకుందాం. బకెట్‌లోకి బయటివారు ఎవరు రాగలరో చెప్పే ఫైండింగ్‌లను ఆ బృందం తన పైథాన్ లైబ్రరీలో ఏ రూపంలో ఉంచుకోవాలన్నదే ఈ మార్గదర్శి విషయం. పైథాన్‌లో క్లాసులు, డేటాక్లాసులు రాసిన అనుభవం, అమెజాన్ సేవలను పైథాన్ నుంచి పిలిచే బోటో3తో కొంత పరిచయం ఉంటే దీన్ని అనుసరించవచ్చు. ఫీల్డుల పేర్లను ఇక్కడ ఉచ్చారణ ప్రకారం రాస్తున్నాను. కోడ్‌లో మాత్రం ఏపీఐ డాక్యుమెంటేషన్‌లో ఉన్న అక్షరక్రమాన్నే వాడాలి.

ముందుగా: ఫైండింగ్ ఏమి చెబుతుంది, ఏమి చెప్పదు

ఈ ఫైండింగ్‌లను ఇచ్చే అమెజాన్ సాధనం ఐఏఎం యాక్సెస్ అనలైజర్ 2019 డిసెంబరులో విడుదలైంది. ఒక ఖాతాను గానీ, పలు ఖాతాలు కలిసిన ఒక ఆర్గనైజేషన్‌ను గానీ నమ్మకపు పరిధిగా మనం ప్రకటిస్తే, బకెట్ల వంటి రిసోర్సులకు తగిలించిన పాలసీలను (అనుమతుల నియమాలను) అది తర్కబద్ధంగా విశ్లేషించి, ఆ పరిధికి అవతలి వారికి ప్రవేశం దొరికే చోటల్లా ఒక ఫైండింగ్‌ను నమోదు చేస్తుంది. బయటి ప్రవేశానికి సంబంధించిన ఈ విశ్లేషణ పాలసీలను చదువుతుందే తప్ప, ఎవరు ఎప్పుడు వచ్చి ఏ ఫైలు తెరిచారో చూడదు. సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం ఇచ్చే ఈసీలో ఫలానా కాలంలో భూమిపై నమోదైన లావాదేవీలు ఉంటాయి గానీ, ప్రస్తుతం ఆ పొలంలో ఎవరు దున్నుతున్నారో ఉండదు. ఫైండింగ్ కూడా అటువంటి పత్రమే. కాబట్టి ‘డేటా లీకైంది’ అనే అర్థం వచ్చే పేర్లను లైబ్రరీలోని క్లాసులకు గానీ మెథడ్‌లకు గానీ పెట్టకూడదు. ‘చొరబాటు’, ‘ఉల్లంఘన’ వంటి పేర్లు చూసిన పరిశ్రమ యజమాని, జరగని దానికి రైతులకు సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.

మన ఉదాహరణలో ఆడిట్ సంస్థ ఖాతా గురించి వచ్చిన ఫైండింగ్ స్థూలంగా ఇలా ఉంటుంది.

రిసోర్స్‌టైప్: ఎస్‌3 బకెట్
ప్రిన్సిపల్: ఏడబ్ల్యూఎస్ → 111122223333
యాక్షన్: గెట్‌ఆబ్జెక్ట్
కండిషన్: ఖాళీ
ఈజ్‌పబ్లిక్: ఫాల్స్
స్టేటస్: యాక్టివ్
సోర్సెస్: పాలసీ

ఇది ఒక వాక్యం వంటిది: ఈ బకెట్‌లోని వస్తువులను, ఏ షరతూ లేకుండా, ఆ సంఖ్య గల ఖాతా (ప్రిన్సిపల్, అంటే ప్రవేశం పొందేది) చదవగలదు; ఆ అనుమతి బకెట్ పాలసీ ద్వారా వచ్చింది; ఇది ప్రపంచమంతటికీ తెరిచినది కాదు. ఈ వాక్యం చెప్పినదానికన్నా ఒక్క మాట ఎక్కువ చెప్పకుండా, ఒక్క మాట కూడా పోగొట్టకుండా ప్రోగ్రామర్ చేతికి అందించడమే లైబ్రరీ పని. కింది మెట్లన్నీ ఈ నియమం నుంచి పుట్టినవే.

మొదటి మెట్టు: తప్పనిసరి ఫీల్డులను, ఐచ్ఛిక ఫీల్డులను వేరుచేయడం

బయటి ప్రవేశపు ఫైండింగ్‌లో ఎనిమిది ఫీల్డులు తప్పనిసరిగా ఉంటాయని ఏపీఐ నిర్వచనం చెబుతుంది. అవి ఐడీ, రిసోర్స్‌టైప్, కండిషన్, క్రియేటెడ్‌యాట్, అనలైజ్డ్‌యాట్, అప్‌డేటెడ్‌యాట్, స్టేటస్, రిసోర్స్‌ఓనర్‌అకౌంట్. ప్రిన్సిపల్, యాక్షన్, రిసోర్స్, ఈజ్‌పబ్లిక్, ఎర్రర్, సోర్సెస్ మాత్రం రావచ్చు, రాకపోవచ్చు. మొదటిసారి ఈ పట్టికను చూసినవారికి ఒక ఆశ్చర్యం కలుగుతుంది. ఎవరు రాగలరు, ఏమి చేయగలరు అన్న అసలు సంగతి ఐచ్ఛికంగా ఉండి, షరతులు మాత్రం తప్పనిసరి ఎందుకయ్యాయి?

విశ్లేషణ విఫలమైనప్పుడు కూడా ఫైండింగ్ పుట్టడం ఇందుకు ఒక కారణం. అనలైజర్ తన సర్వీస్ లింక్డ్ రోల్ (సర్వీసు తన పని కోసం వాడే అనుమతుల గుర్తింపు) ద్వారా రిసోర్సు పాలసీని చదువుతుంది. ఎవరైనా ఆ రోల్‌కు ప్రవేశం నిరాకరిస్తూ పాలసీ రాస్తే, అనలైజర్ దాన్ని చదవలేక, ‘యాక్సెస్ డినైడ్’ అనే ఎర్రర్‌తో ఒక ఫైండింగ్ ఇస్తుంది. సర్వీసు లోపల ఏదైనా చెడితే ‘ఇంటర్నల్ ఎర్రర్’ అని వస్తుంది. అటువంటి ఫైండింగ్‌లో ప్రిన్సిపల్ కోసం వెతకడం వృథా. ‘బయటివారు లేరు’ అనే అర్థం దానికి లేదు. ‘చూడలేకపోయాను’ అన్నదే దాని అర్థం.

పైథాన్‌లో దీనికి కీవర్డ్ ఆర్గ్యుమెంట్లను మాత్రమే అంగీకరించే ఫ్రోజెన్ డేటాక్లాస్ సరిపోతుంది. ఈ సౌకర్యం 3.10 నుంచి ఉంది. తప్పనిసరి ఫీల్డులకు డిఫాల్ట్ విలువలు ఇవ్వవద్దు. ఐచ్ఛిక ఫీల్డులకు ‘నన్’ తప్ప మరో డిఫాల్ట్ ఇవ్వవద్దు. ప్రత్యేకించి యాక్షన్ రాకపోతే ఖాళీ లిస్టు, ప్రిన్సిపల్ రాకపోతే ఖాళీ డిక్షనరీ పెట్టే అలవాటును మానుకోవాలి. ఖాళీ లిస్టు చూసిన ప్రోగ్రామర్ ‘ఏ చర్యకూ అనుమతి లేదు’ అనుకుంటాడు. ఫైండింగ్ ఆ మాట అనలేదు.

దీనికి పూర్తిగా తిరగబడిన సందర్భం కండిషన్. అది తప్పనిసరి ఫీల్డు కనుక, ఖాళీగా వచ్చిందంటే షరతు ఏదీ లేదన్న స్పష్టమైన సమాచారం వచ్చినట్టే. ఆడిట్ సంస్థ కార్యాలయపు ఐపీ చిరునామాల నుంచి మాత్రమే చదవాలని బకెట్ పాలసీలో షరతు పెట్టి ఉంటే, అది ఈ ఫీల్డులో కనిపించేది. ఖాళీ కండిషన్‌ను తెరపై చూపకుండా దాచే రిపోర్టులు తరచుగా కనిపిస్తాయి. ‘షరతు: ఏదీ లేదు’ అని రాసి చూపించడమే మేలు, బృందం ఆ రోజు సరిదిద్దవలసిన పని బహుశా అదే కావచ్చు.

రెండో మెట్టు: అవును, కాదు, చెప్పలేదు

ఈజ్‌పబ్లిక్ ఫీల్డు ఐచ్ఛికమైన బూలియన్. అంటే దానికి ట్రూ, ఫాల్స్, నన్ అనే మూడు స్థితులు ఉన్నాయి. పైథాన్‌లో ‘ఇఫ్ నాట్’ అని రాసిన వెంటనే ఫాల్స్, నన్ ఒకటైపోతాయి. విశ్లేషణ కుదరని బకెట్‌ను పబ్లిక్ కాదని లెక్కవేసి, రిపోర్టులో ఆకుపచ్చ గుర్తు పెట్టే కోడ్ ఈ ఒక్క వాక్యం వల్లే పుడుతుంది. టైప్ చెకర్లు కూడా దీన్ని మామూలుగా పట్టుకోవు, ఎందుకంటే నన్‌ను షరతులో వాడటం భాషలో చెల్లుబాటయ్యే పనే.

కాబట్టి లైబ్రరీ బయటికి చూపే ముఖంలో ఈ విలువను బూలియన్‌గా ఉంచవద్దని నా సలహా. ‘పబ్లిక్’, ‘పబ్లిక్ కాదు’, ‘చెప్పలేదు’ అనే మూడు సభ్యులున్న ఈనమ్ ఒకటి నిర్మించాలి. అంతటితో పని పూర్తి కాదు. పైథాన్‌లో ఈనమ్ సభ్యులన్నీ స్వతహాగా ట్రూగా పరిగణన పొందుతాయి గనుక, పాత అలవాటుతో దాన్ని ‘ఇఫ్’లో పెట్టినవారికి ఈసారి తప్పు మరో దిక్కున జరుగుతుంది. ఆ ఈనమ్‌లో ‘బూల్’ అనే ప్రత్యేక మెథడ్‌ను మనమే రాసి, ఎవరైనా సత్యాసత్య పరీక్షకు వాడితే టైప్‌ఎర్రర్ లేవనెత్తాలి. కొందరికి ఇది మొండితనంగా తోచవచ్చు. అయితే ఆ ఎర్రర్ అభివృద్ధి దశలోనే ఒకసారి ఎదురవుతుంది, ఆ తర్వాత ఎవరూ ఆ పొరపాటు చేయరు.

ఇటువంటి మూడో స్థితిని సర్వీసే స్వయంగా ఒప్పుకున్న చోటు ఒకటుంది. ఆర్గనైజేషన్ స్థాయిలో రిసోర్సుల ప్రవేశానికి హద్దులు పెట్టే రిసోర్స్ కంట్రోల్ పాలసీలు 2024 నవంబరులో వచ్చినప్పుడు, ఫైండింగ్‌లో వాటి ప్రభావాన్ని తెలిపే ఫీల్డు కూడా చేరింది. వర్తిస్తుంది, వర్తించదు అన్న విలువలతో పాటు ‘ఆ పాలసీని అంచనా వేయలేకపోయాను’ అనే అర్థమిచ్చే విలువ కూడా అందులో ఉంది. దాన్ని బూలియన్‌కు కుదించడానికి ఏ సమర్థనా లేదు.

మూడో మెట్టు: రేపు పుట్టే విలువలకు చోటు ఉంచడం

ఈ మెట్టు దగ్గర తీరికగా ఆలోచించాలి, ఎందుకంటే ఇక్కడ తీసుకున్న నిర్ణయాన్ని తర్వాత మార్చడం కష్టం.

స్టేటస్‌కు యాక్టివ్, ఆర్కైవ్డ్, రిసాల్వ్డ్ అనే మూడు విలువలున్నాయి. రిసోర్స్‌టైప్‌కు చాలా ఉన్నాయి. విడుదలైన నాడు ఎస్‌3 బకెట్లు, ఐఏఎం రోల్స్, కేఎంఎస్ తాళాలు, ఎస్‌క్యూఎస్ క్యూలు, లాంబ్డా ఫంక్షన్లతో మొదలైన ఆ జాబితాలోకి తర్వాతి కాలంలో సీక్రెట్లు, స్నాప్‌షాట్లు, కంటైనర్ రిపాజిటరీలు వచ్చాయి, 2024లో డైనమోడీబీ టేబుళ్లు చేరాయి. ఫైండింగ్ రకాలు కూడా అలాగే పెరిగాయి. మొదట బయటి ప్రవేశం ఒక్కటే ఉండేది. 2023 నవంబరులో వాడకంలో లేని అనుమతులకు సంబంధించినవి వచ్చాయి. 2025లో సంస్థ లోపలివారి ప్రవేశానికి సంబంధించినవి వచ్చాయి. ఈ చరిత్ర చూశాక, నేటి విలువలతో మూసివేసిన ఈనమ్ రాయడం దూరదృష్టి అనిపించుకోదు. అలా రాస్తే, కొత్త రకం రిసోర్సుకు మొదటి ఫైండింగ్ వచ్చిన రోజున ఆ ఒక్కటే కాదు, ఆ పేజీలో వచ్చిన మిగిలిన ఫైండింగ్‌లన్నీ వాల్యూఎర్రర్‌లో కొట్టుకుపోతాయి. భద్రతను చూసే సాధనం కొత్త ప్రమాదం ఎదురైన రోజే మూగబోవడం కన్నా అన్యాయం లేదు.

ఇతర భాషల్లో ఈ చిక్కును ఎలా విప్పారో గమనించడం ఉపయోగకరం. జావా కోసం అమెజాన్ ఇచ్చే రెండో తరం ఎస్‌డీకేలో (సేవలను పిలిచే లైబ్రరీలో) ప్రతి ఈనమ్‌కూ ‘ఈ ఎస్‌డీకేకు తెలియని విలువ’ అనే అర్థమిచ్చే సభ్యుడు ఒకడు ఉంటాడు. రస్ట్ ఎస్‌డీకేలోనూ ‘అన్‌నోన్’ అనే వేరియంట్ ఉంది. హాస్కెల్‌లో రాసిన అమెజాంకా లైబ్రరీ మరింత సరళమైన దారి పట్టింది. అక్కడ ఇటువంటి విలువ నిజానికి టెక్స్ట్‌ను చుట్టిన ఒక కొత్త టైపు మాత్రమే. తెలిసిన విలువలకు ప్యాటర్న్ సినానిమ్‌ల ద్వారా పేర్లు పెట్టారు. తెలియని విలువ వచ్చినా అది తన అక్షరాలతో సహా నిలిచి ఉంటుంది. తప్పనిసరి ఫీల్డులు ఇవ్వనిదే ఫైండింగ్‌ను నిర్మించనివ్వని కన్‌స్ట్రక్టర్ ఫంక్షన్లు కూడా ఆ లైబ్రరీలో ఉన్నాయి. పైథాన్ బృందాలు సైతం ఒకసారి చదవదగిన కోడ్ అది.

ఈ మూడింటిలో నేను హాస్కెల్ వారి మార్గాన్నే ఎంచుకుంటాను. ‘తెలియనిది’ అనే ఒకే సభ్యుడిగా మార్చేస్తే అసలు పేరు ఏమిటో వెతుక్కోవలసి వస్తుంది, తిరిగి జేసన్‌గా రాసేటప్పుడు సమాచారం పోయే ప్రమాదమూ ఉంటుంది. పైథాన్‌లో ఇందుకోసం ఒక స్ట్రింగ్‌ను మాత్రమే మోసే చిన్న ఫ్రోజెన్ క్లాసు రాసి, తెలిసిన విలువలను ఆ క్లాసుకు స్థిరాంకాలుగా తగిలించి, ‘ఇది మనకు తెలిసిన విలువేనా’ అని అడిగే ఒక ప్రాపర్టీ ఇవ్వాలి. ప్రామాణిక ఈనమ్‌లోని ‘మిస్సింగ్’ అనే హుక్‌తో ఇదే పని చేయించవచ్చు గానీ, నడుస్తుండగా కొత్త సభ్యులను పుట్టించే ఆ పద్ధతి చదివేవారిని తికమక పెడుతుంది.

స్టేటస్ విషయంలో మరో సూక్ష్మం ఉంది. ఫైండింగ్‌ను చదివేటప్పుడు మూడు స్టేటస్‌లు కనిపిస్తాయి గానీ, అప్‌డేట్‌ఫైండింగ్స్ ద్వారా మనం మార్చగలిగేవి యాక్టివ్, ఆర్కైవ్డ్ రెండే. రిసాల్వ్డ్ అన్నది మన ప్రకటనతో రాదు. పాలసీని నిజంగా సరిదిద్దిన తర్వాత అనలైజర్ స్వయంగా గుర్తించి పెట్టే ముద్ర అది. అందుచేత మార్పు కోరే మెథడ్‌కు రెండే విలువలున్న వేరే టైపును ఆర్గ్యుమెంట్‌గా పెట్టాలి. ఈ టైపును మాత్రం మూసివేసిన ఈనమ్‌గా ఉంచవచ్చు, ఎందుకంటే అక్కడ విలువను పంపేది మనమే.

నాలుగో మెట్టు: ఖాతా సంఖ్య, ఏఆర్‌ఎన్, కాలం

ఖాతా సంఖ్యలో 12 అంకెలుంటాయి. అది సున్నాతో మొదలు కావచ్చు కాబట్టి దాన్ని ఎప్పుడూ స్ట్రింగ్‌గానే ఉంచాలి. ఎక్సెల్ షీటులో ఒకసారి తెరిచి మూసిన ఖాతాల జాబితాను లైబ్రరీ పరీక్షలకు వాడేవారు ఈ విషయంలో మరింత జాగ్రత్తపడాలి.

ఏఆర్‌ఎన్‌ను, అంటే ప్రతి రిసోర్సుకూ అమెజాన్ ఇచ్చే పూర్తి పేరును, విడగొట్టేటప్పుడు మొదటి ఐదు కోలన్ల దగ్గర మాత్రమే విరవాలి, ఎందుకంటే చివరి భాగంలో కూడా కోలన్లు ఉండవచ్చు. రీజియన్‌నూ ఖాతానూ ఏఆర్‌ఎన్ నుంచి పిండుకోవాలనే ఆలోచన బాగానే కనిపిస్తుంది గానీ, ఎస్‌3 బకెట్ ఏఆర్‌ఎన్‌లో ఆ రెండు స్థానాలూ ఖాళీగా ఉంటాయి. మన తూకం చీటీల బకెట్ ఎవరి ఖాతాలో ఉందో తెలియాలంటే రిసోర్స్‌ఓనర్‌అకౌంట్ ఫీల్డునే చదవాలి.

కాలాలు మూడు ఉన్నాయి: ఫైండింగ్ పుట్టిన సమయం, రిసోర్సును చివరిగా విశ్లేషించిన సమయం, ఫైండింగ్‌ను చివరిగా మార్చిన సమయం. ఈ మూడింటినీ కలిపి ఒక్క ‘తేదీ’గా చూపకూడదు. పాలసీ మార్చిన తర్వాత అనలైజర్ దాన్ని గమనించడానికి 30 నిమిషాల వరకు పట్టవచ్చు. ఆ వ్యవధిలో ‘సరిదిద్దాం కదా, ఇంకా యాక్టివ్ అని ఎందుకు చూపిస్తోంది’ అని అడిగే సహోద్యోగికి జవాబు అనలైజ్డ్‌యాట్ ఫీల్డులోనే ఉంటుంది. అన్నింటినీ యూటీసీలో, టైమ్‌జోన్ గల డేట్‌టైమ్‌గా నిల్వ చేసి, తిరుపతి బృందానికి చూపేటప్పుడు మాత్రమే భారత కాలమానానికి మార్చాలి. పొద్దున ఐదున్నరకు ముందు జరిగిన మార్పులు యూటీసీలో ముందటి తేదీ కింద నమోదవుతాయన్నది రోజువారీ రిపోర్టులు రాసేవారు గుర్తుంచుకోవలసిన సంగతి.

ఐదో మెట్టు: ఫైండింగ్‌లో లేని చిరునామా

ఒక ఫైండింగ్‌ను తిరిగి తెచ్చుకోవాలంటే ఏపీఐకి దాని ఐడీతో పాటు అనలైజర్ ఏఆర్‌ఎన్ కూడా ఇవ్వాలి. కానీ ఏపీఐ తిరిగి ఇచ్చే ఫైండింగ్‌లో అనలైజర్ ఏఆర్‌ఎన్ ఉండదు. బయటి ప్రవేశాన్ని చూసే అనలైజర్ ఏ రీజియన్‌లో ఉంటే ఆ రీజియన్‌లోని రిసోర్సులనే చూస్తుంది కనుక, ముంబయి రీజియన్‌లో కూడా ఏవైనా బకెట్లు ఉంటే అక్కడా ఒక అనలైజర్ అవసరమవుతుంది. అప్పుడు లైబ్రరీ చేతిలో రెండు చోట్ల నుంచి వచ్చిన ఫైండింగ్‌లు కలిసిపోతాయి.

అనలైజర్ ఏఆర్‌ఎన్‌ను ఫైండింగ్ క్లాసులో ఒక కొత్త ఫీల్డుగా ఇరికించడం సులువు. అయినా సర్వీసు ఇచ్చినదీ మనం చేర్చినదీ ఒకే సంచిలో కలపడం నాకు నచ్చదు. అనలైజర్ ఏఆర్‌ఎన్, ఫైండింగ్, దాన్ని మనం తెచ్చుకున్న సమయం అనే మూడింటిని మోసే ‘రికార్డు’ అనే బయటి క్లాసు రాసి, డేటాబేసులో కీగా ఏఆర్‌ఎన్, ఐడీల జతను వాడటం శుభ్రమైన పద్ధతి.

తీవ్రత స్థాయి విషయంలోనూ ఇదే నియమం వర్తిస్తుంది. యాక్సెస్ అనలైజర్ ఏపీఐ ఇచ్చే ఫైండింగ్‌లో తీవ్రత అనే ఫీల్డు లేదు. రైతుల ఖాతా సంఖ్యలున్న బకెట్ పబ్లిక్ కావడం, సంస్థ లోగోలున్న బకెట్ పబ్లిక్ కావడం ఒకటి కావు. ఆ తేడా తెలిసింది పరిశ్రమకే గానీ అనలైజర్‌కు కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దృష్టిలో మొదటి బకెట్‌లో ఉన్నది వ్యక్తిగత డేటా. కాబట్టి తీవ్రతను లెక్కకట్టే ఫంక్షన్‌ను లైబ్రరీకి వెలుపల, పరిశ్రమ విధానాన్ని బట్టి మార్చుకోగలిగేలా ఉంచాలి.

ఆరో మెట్టు: రెండో తరం ఏపీఐలోని వివరాలు

వాడకంలో లేని అనుమతుల విశ్లేషణ వచ్చాక, వాటి కోసం లిస్ట్‌ఫైండింగ్స్, గెట్‌ఫైండింగ్ ఆపరేషన్లకు రెండో రూపాలు వచ్చాయి. వీటి నిర్మాణం వేరు. జాబితాలో వచ్చే సారాంశంలో ప్రిన్సిపల్, యాక్షన్ ఉండవు. ఫైండింగ్ రకం, రిసోర్సు, స్టేటస్, కాలాల వంటి పైపై విషయాలే ఉంటాయి. అసలు వివరాలకు ఒక్కో ఫైండింగ్‌ను విడిగా అడగాలి. అప్పుడు కూడా వివరాలు ఒక లిస్టుగా వస్తాయి, ఆ లిస్టుకు పేజీలు ఉండవచ్చు.

ఇక్కడ చేయవలసినది సారాంశానికీ వివరానికీ రెండు వేర్వేరు క్లాసులు రాయడం. ఒకే క్లాసు రాసి, వివరాల ఫీల్డును కొన్నిసార్లు నన్‌గా వదిలితే, ‘ఇంకా తెచ్చుకోలేదు’, ‘తెచ్చుకున్నాం గానీ ఏమీ లేదు’ అనే రెండు స్థితులు మళ్లీ కలిసిపోతాయి.

వివరాల లిస్టులోని ప్రతి అంశమూ ఒక ట్యాగ్డ్ యూనియన్. బయటి ప్రవేశం, లోపలి ప్రవేశం, వాడని రోల్, వాడని యాక్సెస్ కీ, వాడని పాస్‌వర్డ్, వాడని అనుమతి అనే రూపాల్లో ఏదో ఒక్కటే అందులో ఉంటుంది. పైథాన్‌లో ఒక్కో రూపానికి ఒక్కో డేటాక్లాసు రాసి, వాటన్నింటి యూనియన్‌ను ఒక టైపుగా ప్రకటిస్తే, 3.10లో వచ్చిన ‘మ్యాచ్’ వాక్యంతో వాడుకోవడం హాయిగా ఉంటుంది. బోటో3 తనకు తెలియని రూపం వచ్చినప్పుడు దాని పేరును ‘ఎస్‌డీకే అన్‌నోన్ మెంబర్’ అనే కీ కింద ఇస్తుంది. ఆ పేరును దాచుకునే ‘తెలియని వివరం’ అనే క్లాసును కూడా యూనియన్‌లో చేర్చడం మరచిపోకూడదు.

ఇవన్నీ ఒకే తల్లి క్లాసు నుంచి పుట్టించాలా అని అడిగితే, అవసరం లేదంటాను. వాడని పాస్‌వర్డ్‌కూ పబ్లిక్ బకెట్‌కూ ఉమ్మడిగా ఉండేది సారాంశంలో ఇప్పటికే ఉంది.

ఏడో మెట్టు: ఈవెంట్‌బ్రిడ్జ్ ద్వారా వచ్చేవి

కొత్త ఫైండింగ్ పుట్టినా, పాత దాని స్టేటస్ మారినా సర్వీసుల మధ్య సమాచారం చేరవేసే ఈవెంట్‌బ్రిడ్జ్‌కు ఒక ఈవెంట్ వెళుతుంది. దాన్ని అందుకునే బృందం, ఏపీఐ జవాబుకు రాసిన పార్సర్‌నే దీనికీ వాడాలని చూస్తుంది. రెండింటికీ పోలిక ఉన్నా అవి ఒకటి కావు. ఈవెంట్‌లో సమయాలు స్ట్రింగ్‌లుగా వస్తాయి. చివర ‘జెడ్’ ఉన్న ఆ రూపాన్ని పైథాన్‌లోని ‘ఫ్రమ్ ఐఎస్‌ఓ ఫార్మాట్’ 3.11 నుంచే అంగీకరిస్తుంది. అనలైజర్ ఏఆర్‌ఎన్ ఈవెంట్ పై పొరలోని రిసోర్సుల లిస్టులో దొరుకుతుంది. ఏపీఐలో కనిపించని ‘ఈజ్‌డిలీటెడ్’ అనే ఫీల్డు కూడా ఉంటుంది. అనలైజర్‌ను తొలగిస్తే దాని ఫైండింగ్‌లన్నీ పోతాయి. అలా పోవడాన్ని సమస్య పరిష్కారమైనట్టు నమోదు చేయకూడదు. రెండు పార్సర్లు విడివిడిగా రాసి, రెండూ ఐదో మెట్టులో చెప్పిన రికార్డునే తిరిగి ఇచ్చేలా చేస్తే చాలు.

చరిత్ర దాచుకునే ఉద్దేశం ఉంటే ఈ మెట్టులోనే ఏర్పాటు చేసుకోవాలి. రిసాల్వ్డ్ అయిన ఫైండింగ్‌లను సర్వీసు 90 రోజుల తర్వాత తొలగిస్తుంది. కాయల సీజన్ ముగిసి, ఆర్థిక సంవత్సరం చివర ఆడిట్ జరిగేనాటికి జూన్‌లో సరిదిద్దిన ఫైండింగ్ ఆనవాలు కూడా అక్కడ ఉండదు.

ఎనిమిదో మెట్టు: మార్పులేని వస్తువులు, లాగులు

డేటాక్లాసును ఫ్రోజెన్ చేసినంత మాత్రాన లోపలి డిక్షనరీ గడ్డకట్టదు. కండిషన్, ప్రిన్సిపల్ డిక్షనరీలుగానే ఉంటే, ఫైండింగ్‌ను సెట్‌లో వేసినప్పుడు హాష్ కుదరక టైప్‌ఎర్రర్ వస్తుంది. లోపల వాటిని కీల క్రమంలో అమర్చిన జతల టపుల్‌గా దాచి, అడిగినవారికి డిక్షనరీ ప్రతి ఇస్తే రెండు చిక్కులూ తీరుతాయి. యాక్షన్‌ను కూడా టపుల్ చేయాలి.

డేటాక్లాసు తనంతట తాను తయారుచేసే ‘రెప్‌ర్’ అన్ని ఫీల్డులనూ కక్కుతుంది. తెరిచి ఉన్న తలుపులన్నింటి జాబితా లాగులో పడటం మంచిది కాదు గనుక, ఐడీ, రిసోర్స్‌టైప్, స్టేటస్ మాత్రమే కనిపించేలా దాన్ని మనమే రాసుకోవాలి.

తొమ్మిదో మెట్టు: పరీక్షలు, విడుదల

బోటోకోర్‌లోని స్టబ్బర్ సహాయంతో నిజమైన ఖాతా లేకుండానే జవాబులను అనుకరించవచ్చు. మనం ఇచ్చే నమూనా జవాబును అది సర్వీసు నిర్వచనంతో సరిచూస్తుంది కాబట్టి, తప్పు ఆకారంలో రాసిన నమూనాలు అక్కడే దొరికిపోతాయి. రాయవలసిన పరీక్షల్లో ముఖ్యమైనవి ఇవి: ఎర్రర్ ఉండి ప్రిన్సిపల్ లేని ఫైండింగ్, ఈజ్‌పబ్లిక్ అసలే రాని ఫైండింగ్, ఎవరూ వినని రిసోర్స్‌టైప్, సున్నాతో మొదలయ్యే ఖాతా సంఖ్య, రెండో పేజీలో మాత్రమే ఫైండింగ్‌లున్న జాబితా. చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. మొదటి పేజీ ఖాళీగా వచ్చి, తర్వాతి పేజీని అడగడానికి వాడే నెక్స్ట్‌టోకెన్ మాత్రం ఉండటం ఫిల్టర్లు వాడే ఏపీఐలలో సాధ్యమే. ఖాళీ పేజీ చూసి ఆగిపోయే లూపు ‘ఏమీ లేదు’ అని అబద్ధం చెబుతుంది.

చదివి, జేసన్‌గా రాసి, మళ్లీ చదివితే మొదటి వస్తువే రావాలన్న పరీక్షను హైపోథెసిస్ లైబ్రరీతో యాదృచ్ఛిక విలువలపై నడిపితే, మూడో మెట్టులోని తెలియని విలువలు నిజంగా నిలుస్తున్నాయో లేదో తేలుతుంది.

సర్వీసు కొత్త రిసోర్స్‌టైప్ ప్రకటించినప్పుడు దానికి ఒక స్థిరాంకం చేర్చి మైనర్ వెర్షన్ విడుదల చేయాలి. పాత వెర్షన్ వాడుతున్నవారికి ఆ విలువ అప్పటికే స్ట్రింగ్‌గా అందుతోంది కాబట్టి వారు తొందరపడి మార్చుకోనవసరం లేదు. వివరాల యూనియన్‌కు కొత్త క్లాసు చేర్చడం మాత్రం వేరే సంగతి: అన్ని రూపాలనూ ‘మ్యాచ్’లో లెక్కపెట్టి, చివర ‘ఇక్కడికి ఏదీ రాకూడదు’ అని చెప్పే ‘అసర్ట్ నెవర్’ రాసుకున్న వారి కోడ్ టైప్ పరీక్షలో ఆగిపోతుంది, నిన్నటి వరకు ‘తెలియని వివరం’గా వచ్చిన వస్తువు నేడు మరో క్లాసుగా వస్తుంది. దానికి మేజర్ వెర్షన్ మార్చి, ఏ పేరు ఏ క్లాసుగా మారిందో విడుదల పత్రంలో రాయాలి.